కంచె మొక్క మొదట్లో పచ్చగా ఉందా? సందేహాలు - సమాధానాలు

తొలకరి పడగానే కంచె మొక్కల గురించి ఉత్తరాలు వరసగా వస్తాయి. ఈసారి వాటిలో చాలావరకు కత్తిరింపు గురించే అడిగాయి: ఎప్పుడు, ఎంత, ఎలా అని. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రహరీకి లోపలివైపు అయిదేళ్ల కిందట గోల్డెన్ డురాంటా వేశాం. నెలనెలా పైన సమంగా కత్తిరిస్తూనే ఉన్నాం. పైన ఒత్తుగా, అందంగా ఉంది. కింద మాత్రం రెండడుగుల మేర ఒట్టి పుల్లలే. వీధికుక్కలు ఆ సందుల్లోంచి దూరి వస్తున్నాయి. ఏ ఎరువు వేస్తే కింద చిగురిస్తుంది?
– ఒక పాఠకురాలు, తణుకు

ఎరువు వేస్తే ఆ బలం కూడా పైకే పోతుందమ్మా. మీ మొక్కలకు కింద కరువైంది ఎరువు కాదు, వెలుతురు. పైభాగాన్నే కత్తిరిస్తూ పోతే కోసిన ప్రతిచోటా రెండు మూడు చిగుళ్లు లేచి పైన దట్టంగా అల్లుకుంటాయి. ఆ నీడలో పడిన కింది ఆకు తన తిండి తాను తయారుచేసుకోలేదు. అలాంటి ఆకును మొక్క ఎక్కువకాలం మోయదు, రాల్చేస్తుంది. అలా ఏటికేడు మోడు పైకి పాకుతుంది.

ఇంకో కారణమూ ఉంది. కొమ్మ కొసన ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతుంటుంది. అది దిగుతున్నంతకాలం కింది కణుపుల్లోని మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. కొస తీసేస్తే ఆ అడ్డు తొలగి, కోతకు దగ్గర్లో ఉన్న రెండు మూడు కణుపులు మేలుకుంటాయి. దూరంగా ఉన్నవి మేలుకోవు. నాలుగడుగుల ఎత్తులో కోస్తే నాలుగడుగుల దగ్గరే చిగురు వస్తుంది. నేల దగ్గర చిగురు కావాలంటే నేల దగ్గరే కోయాలి.

డురాంటాకు ముదురు కొమ్మ మీద కూడా చిగురించే గుణం ఉంది కాబట్టి మీ కంచెను బాగుచేసుకోవచ్చు. నేల బాగా తడిసి, రెండు రోజులు తెరిపిచ్చిన సమయం చూసుకుని వరస మొత్తాన్ని అడుగు, అడుగున్నర ఎత్తుకు దించేయండి. దీనికి కత్తెర చాలదు, చిన్న రంపం కావాలి. బొటనవేలికంటే లావున్న కొమ్మల కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను చిక్కగా కలిపి పూయండి. మీటరు వరసకు రెండు మూడు కిలోల చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి మట్టి కప్పండి. ఎరువు అవసరం ఇప్పుడు వస్తుంది, కోత తర్వాత. మూడు నాలుగు వారాల్లో పిలకలు వస్తాయి. అవి జానెడు పెరగగానే సగానికి తుంచాలి. మళ్లీ జానెడు పెరిగితే మళ్లీ సగం. ఈ మొదటి మూడు నెలల్లో ఎత్తు కోసం తొందరపడ్డారంటే పడిన శ్రమంతా వృథా.

వరసంతా ఒక్కసారి మోడు చేయడానికి మనసొప్పకపోతే ఈ ఏడు ఇంటివైపు పక్క కొమ్మలను నడిమి కాండం దాకా కోయండి, గోడవైపు వచ్చే ఏడు కోయవచ్చు. ఫలితం నెమ్మదిగా వస్తుంది కానీ ఇల్లు బోసిపోదు.

ఇక రూపం. కంచె కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. నాలుగడుగుల ఎత్తు కంచెకు అడుగున రెండడుగుల వెడల్పు ఉంటే పైన అడుగున్నర మించకూడదు. పక్కలు నిటారుగా కోస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఎండ ఎక్కువ తగిలే పైభాగం ఎప్పుడూ వేగంగా పెరుగుతుంది కాబట్టి నిటారుగా కోసిన కంచె పదిహేను రోజుల్లో పైన వెడల్పవుతుంది. కోసేటప్పుడే పక్కలు కొంచెం లోపలికి వాల్చి కోస్తే ఆ పెరుగుదల తర్వాత కూడా అడుగుకు వెలుతురు అందుతుంది. మీ వరసకు, గోడకు మధ్య అడుగున్నర ఖాళీ లేకపోతే మాత్రం గోడవైపు ఎంత చేసినా కొంత బోడిగానే ఉంటుంది. అది కత్తెరతో తీరేది కాదు.

స్కూలు టీచర్ని. మే నెల సెలవుల్లోనే తీరిక. మా మాలీ మాత్రం సంక్రాంతికి ముందు ఒకసారి, వేసవిలో ఒకసారి కోస్తే చాలంటాడు. అసలు ఏ నెల మంచిది?
– ఒక పాఠకుడు, వరంగల్

మే నెలలో చెదిరిన చివర్లు సర్దుకోండి, అంతే. గట్టి కోత వద్దు. ఇన్నాళ్లూ పై ఆకు నీడలో ఉన్న లోపలి ఆకును, లేత బెరడును ఒక్కరోజులో మీ ఊరి 43, 44 డిగ్రీల ఎండకు నిలబెడితే మాడిపోతాయి. పైగా కోసిన మొక్క చిగురించడానికి వేళ్లలో, కాండంలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెడుతుంది. రోహిణి కార్తెలో ఆ లేత చిగురు కూడా మాడితే, దాచుకున్నది పోయి కొత్తది రాక మొక్క రెండు విధాలా నష్టపోతుంది.

మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక, జూన్ మధ్య నుంచి జూలై నెలాఖరు దాకా గట్టి కోతకు అనువైన కాలం. నేలలో తడి, గాలిలో తేమ ఉంటాయి, ముందు మూడు నెలల పెరుగుదల ఉంటుంది. అయితే ముసురు పట్టినప్పుడు కోయకండి. తడి ఆరని కోతల్లోంచే శిలీంధ్రాలు లోపలికి వెళతాయి. కోసిన తర్వాత ఒకటి రెండు రోజులు పొడిగా ఉండేలా చూసుకోండి.

అక్కణ్నుంచి అక్టోబరు దాకా తేలికపాటి కత్తిరింపులు. డురాంటా, అకాలిఫా లాంటివి మూడు నాలుగు వారాలకోసారి అడుగుతాయి. నూరువరహాలకు ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. తేదీ కంటే చిగురు చూడటం మేలు: కొత్త రెమ్మ జానెడు పెరిగితే సమయమైనట్టు. సంక్రాంతి ముందు కోత తప్పేమీ కాదు, ఆ చలికి చిగురు నెమ్మదిగా వస్తుంది కాబట్టి కోసిన రూపం ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ అది సర్దుబాటు కోతే కావాలి. మోడు చేసే పని జనవరిలో వద్దు.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు ఒక మాట. మీకు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. మీ గట్టి కోతను సెప్టెంబరు చివరికి జరుపుకోండి.

మొన్న కోసిన కంచె మొత్తం మీద ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. తెగులేమోనని మందు కొట్టాం. తగ్గలేదు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

మీరు పంపిన ఫొటోలో ఎండిన భాగం ప్రతి ఆకుకూ తెగిన అంచు దగ్గరే ఉంది, లోపలికి పాకలేదు. అది తెగులు కాదు, మొండి కత్తెర. పదును లేని బ్లేడు ఆకును కోయదు, నలుపుతుంది. నలిగిన చోటల్లా ఎండుతుంది. ఆ ఆకులు అలాగే ఉంటాయి, కొత్త చిగురు వచ్చి కప్పేస్తుంది. మందు ఆపేయండి.

చేతికత్తెర బ్లేడు పరికించి చూస్తే ఒక వైపే వాలు ఉంటుంది. ఆ వాలువైపే సానరాయితో నూరాలి, చదునుగా ఉన్న వైపు ముట్టుకోకూడదు. పని ముగిశాక జిగురు తుడిచి, బ్లేడుకు నాలుగు చుక్కల నూనె రాయండి. తెగులున్న మొక్క కోసిన తర్వాత మరో మొక్కకు వెళ్లే ముందు స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. పెన్సిల్ కంటే లావున్న కొమ్మను పొడవాటి కత్తెరతో నొక్కి విరవకండి, దానికి కొమ్మలు కోసే సికేటర్ వాడాలి. పెద్ద ఆకులున్న మొక్కలకు, మందారంలాంటి వాటికి, అసలు సికేటరే మంచిది. పొడవాటి కత్తెర ఆకులను సగానికి కోసి వికారం చేస్తుంది.

నూరు అడుగులకు మించిన వరస ఉంటే బ్యాటరీ యంత్రం కొనుక్కోవచ్చు. చేతికత్తెరైనా యంత్రమైనా రెండు చివరలా కర్రలు పాతి, పురికొస బిగించి, దాని వెంబడే కోయండి. కంటి అంచనాతో కోసిన వరస ఎవరు కోసినా అలలు తిరుగుతుంది.

కడియం నర్సరీ నుంచి నాగగోలుగు మొక్కలు తెచ్చి అడుగుకొకటి నాటాం. నాటిన వెంటనే సగానికి కత్తిరించమని అక్కడివాళ్లు చెప్పారు. డబ్బులు పెట్టి కొన్న పచ్చని మొక్కను మొదటిరోజే కోయాలా? చేతులు రావడం లేదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు

వాళ్లు చెప్పింది నిజం. పాత వరసలకు మోకాలి దాకా పుల్లలు మిగలడానికి కారణం చాలావరకు ఈ మొదటి కోత తప్పించుకోవడమే. అడుగున్నర మొక్కను వచ్చినట్టు వదిలేస్తే అది ఒకే కాండంతో పైకి పోతుంది. తర్వాత ఎంత కోసినా గుబురు అక్కణ్నుంచి పైకే మొదలవుతుంది.

నాటిన రోజునే కోయక్కర్లేదు. వేళ్లు పట్టి మొదటి కొత్త చిగురు కనిపించేదాకా, అంటే మూడు వారాలు ఆగండి. అప్పుడు నేల నుంచి జానెడు ఎత్తుకు కోయండి. నాలుగైదు కొమ్మలు విడతాయి. అవి జానెడైతే సగానికి, మళ్లీ జానెడైతే సగానికి. ఇలా మొదటి ఏడాది పెరిగినదాంట్లో సగమే దక్కించుకుంటూ రావాలి. నాగగోలుగు నెమ్మదైన మొక్క కాబట్టి మీరనుకున్న మూడడుగుల కంచెకు మూడేళ్లు పట్టవచ్చు. ఆ మూడేళ్ల ఓపికతో ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేలను తాకే పచ్చదనం ఉంటుంది.

ఇంకా నాటాల్సిన వాళ్లుంటే ఒకే వరస కాకుండా రెండు వరసలు, వరసకూ వరసకూ అడుగున్నర దూరంలో, మొక్కలు ఒకదానికొకటి ఎదురుపడకుండా నాటండి. అడుగున సందులు పడవు.

మా పెరటి గోరింట కంచెను ఆషాఢంలో వీధిలోని ఆడవాళ్లంతా వచ్చి దూసుకుపోతారు. వద్దనలేం, మా అత్తగారు ఊరుకోరు. కానీ ఆ తర్వాత కంచె అక్కడక్కడా బోడిగా, చెల్లాచెదురుగా తయారవుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

మీ అత్తగారి మాట నిలబెట్టే దారి ఉంది. ఆషాఢమే గోరింటకు సరైన కోతకాలం. తొలకరికి లేచిన లేత రెమ్మల్లో చేతిని పండించే లాసోన్ అనే రంగు పదార్థం బాగా ఉంటుంది. వాళ్లకు కావలసిందీ, కంచెకు కావలసిందీ ఒకటే.

ఇబ్బంది దూయడంలో ఉంది. రెమ్మను పట్టి లాగితే ఆకుతో పాటు కణుపులోని మొగ్గ, బెరడు చీలిక కూడా ఊడివస్తాయి. అక్కడ మళ్లీ చిగురించడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి చిగురించదు. ఆషాఢం మొదటివారంలో మీరే పురికొస కట్టి వరస పొడవునా జానెడు కోయండి. కోసిన రెమ్మలను మోపులుగా అరుగు మీద పెట్టి, వచ్చినవాళ్లకు రెమ్మలుగానే ఇవ్వండి. ఆకు వాళ్లింట్లో దూసుకుంటారు.

గోరింట ఎంత గట్టి కోతనైనా తట్టుకుంటుంది. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతంలో దాన్ని పొలాల్లో పంటగా వేసి, ఏటా నేలకు దగ్గరగా కోస్తారు, మోడు మళ్లీ చిగురిస్తుంది. సోజత్ గోరింటకు 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి మీ కంచెలో బోడిపడిన చోట్ల అడుగు ఎత్తుకు దించడానికి జంకకండి. ముదిరిన గోరింట పక్కరెమ్మల కొసలు ముళ్లుగా గట్టిపడతాయి, పిల్లలు తిరిగే దారి పక్కనుంటే ఆ వైపు మరీ ముదరనివ్వకండి.

మందార, నూరువరహాలు, కాగితంపూలు, మూడూ వేర్వేరు వరసలుగా ఉన్నాయి. పెట్టె కోసినట్టు చక్కగా ఉంచుతాం. పూలే లేవు.
– ఒక పాఠకుడు, గుంటూరు

చక్కగా ఉంచడమే పూలను ఆపుతోంది. ఈ మూడూ కొత్త రెమ్మల మీదే పూస్తాయి. రెమ్మ ఎదిగి మొగ్గ తొడిగేలోపు మీ కత్తెర వస్తోంది. పూల కంచెకు గీత గీసినట్టున్న అంచు ఆశించకూడదు. కోత తగ్గించి, కోతకూ కోతకూ మధ్య కాలం పెంచడం ఒక్కటే మార్గం.

మందారకు తొలకరిలో మూడోవంతు తగ్గించి వదిలేయండి. సుమారు రెండు నెలల్లో పూత మొదలవుతుంది. ఆ తర్వాత కంచె దాటి బయటకు పొడుచుకొచ్చే కొమ్మలనే ఒక్కొక్కటిగా సికేటర్‌తో తీయండి. కోత కణుపుకు పావంగుళం పైన ఉండాలి. పిండినల్లి పట్టిన కొసలుంటే అవి ముందు తీసేయండి, ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బుద్రావణం కలిపి కొడితే సరిపోతుంది.

నూరువరహాలకు గుత్తి రెమ్మ కొసనే వస్తుంది. ఒక విడత గుత్తులు వాడాక, వాటి కింద రెండు జతల ఆకులదాకా కోసి ఆగండి. పక్కరెమ్మలు లేచి మళ్లీ గుత్తులు వేస్తాయి.

కాగితంపూలది వేరే దారి. దాని అసలు పూత పొడి నెలల్లో. వేసవి పూత అయ్యాక జూన్‌లో గట్టిగా, వానలు తగ్గాక అక్టోబరులో ఇంకోసారి కోసి, అక్కణ్నుంచి కత్తెర దాచేయండి. నీళ్లు కూడా తగ్గించండి. రోజూ తడిపే కాగితంపూల చెట్టు ఆకులే వేస్తుంది.

కంచె మీద పసుపుపచ్చని దారాల్లాంటి తీగ అల్లుకుంది. ఆకులు లేవు, వేరు ఎక్కడుందో కనపడదు. తెంపేస్తే వారంలో మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకురాలు, కావలి

అది బంగారుతీగ. వేరు మీకు కనపడకపోవడం కాదు, దానికి వేరే లేదు. విత్తనం మొలిచిన కొద్దిరోజుల్లో ఆనుకోవడానికి మొక్క దొరికితే, దాని కాండంలోకి పీల్చుడు పీచులు దించి నేలతో సంబంధం తెంపుకుంటుంది. నీరు, తిండి మొత్తం మీ కంచె మొక్కలవే. చూడటానికి అందంగా ఉందని కొందరు ఉంచుకుంటారు. రెండేళ్లలో కంచె చస్తుంది.

తీగను చేత్తో లాగితే పని జరగదు. పీచులు దిగిన చోట బెరడు లోపల మిగిలిన ముక్క నుంచే మళ్లీ లేస్తుంది. తీగ అంటుకున్న ఆఖరి చోటు చూసుకుని, దానికి జానెడు కింద మీ మొక్క కొమ్మనే కోసేయాలి. కోసేముందు కింద గోనెపట్టా పరవండి. రాలిన బెత్తెడు ముక్క పక్క మొక్క మీద పడినా కొత్త తీగ అవుతుంది. కత్తెరకు చుట్టుకున్న పోగులు కూడా అక్కడే ఏరి సంచిలో వేయండి. అంతా ఎండబెట్టి కాల్చేయండి, ఎరువు గుంతలో వేయొద్దు.

ఇదంతా తీగ పూయకముందే జరగాలి. తెల్లని చిన్న పూలు కనిపించాయంటే విత్తనం దగ్గర్లో ఉన్నట్టు, అది నేలలో పదేళ్లు దాటినా మొలవగలదు. ఒకసారి తీశాక రెండు నెలలపాటు వారానికోసారి వరస మొత్తం చూసుకోండి. లేత తీగ దొరికితే రెండు నిమిషాల పని.

అయిదెకరాల మామిడి, జామ తోట. ఏటా కంపతో కంచె వేస్తాం, ఏటా చెదలు తింటుంది. వాక్కాయతో జీవకంచె వేయాలని ఆలోచన. మేకలు ఆగుతాయా? కత్తిరింపు ఎలా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

ఆగుతాయి, మొదటి మూడేళ్లు మీరు ఆపితే. కంపకంచె కంటే జీవకంచె మేలన్న సంగతి మన దేశంలో ఒకప్పుడు భారీ ఎత్తున రుజువైంది. ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా అడ్డుకోవడానికి బ్రిటిష్‌వాళ్లు సింధు నది వైపు నుంచి మహానది వైపుకు రెండు వేల మైళ్లకు పైగా సుంకపు సరిహద్దు గీశారు. దాని వెంబడి మొదట ఎండు ముళ్లకంపే పోగేశారు. చెదలు, ఎలుకలు, నిప్పు దాన్ని నిలవనిచ్చేవి కావు, ఏటా టన్నులకొద్దీ కంప మోయాల్సి వచ్చేది. 1860ల చివర్లో ఆ శాఖ కమిషనర్‌గా వచ్చిన ఏ.ఓ. హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ స్థాపనలో ముఖ్యుడైన ఆయనే, పచ్చని కంచె మీద పట్టుదలగా పనిచేయించాడు. నేలను బట్టి తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, బ్రహ్మజెముడు వేశారు. మనుషులు దాటలేనంత ఒత్తుగా పెరిగిందది. జనాన్ని పీడించిన ఆ సరిహద్దును 1879లో ఎత్తేశారు, కంచె కూడా పోయింది. దాని ఉద్దేశం అన్యాయమైనదే. కానీ ఎండునేలల్లో వాక ఎంత గట్టిగా నిలుస్తుందో అది చూపించింది.

వాక విత్తనం నిల్వ ఉండదు. పండిన కాయల్లోంచి తీసి వెంటనే సంచుల్లో పెట్టాలి. ఆగస్టు, సెప్టెంబరులో పెడితే వచ్చే తొలకరికి నాటుకోవచ్చు. రెండడుగులకు ఒకటి చొప్పున రెండు వరసలు ఎదురుపడకుండా నాటండి. రెండో ఏడు వానలు మొదలవగానే మోకాలికి తక్కువ ఎత్తుకు కోయండి. ఈ కోతే మేకను ఆపేది. మేక ముందు కింద సందు వెతుకుతుంది. మూడో ఏడు నడుము ఎత్తుకు కోయండి. ఈ మూడేళ్లూ బయటివైపు కంప అలాగే ఉండనివ్వండి, లేత వాక చిగురు మేకకు ఇష్టం.

నాలుగో ఏడు నుంచి కాపు వస్తుంది. పూగుత్తి రెమ్మ కొసన వస్తుంది కాబట్టి ఇష్టమొచ్చినప్పుడు కోస్తే వాక్కాయ పప్పు ఉండదు. కాయ కోత అయ్యాక, సెప్టెంబరులో, ట్రాక్టరు తిరిగే లోపలివైపు గట్టిగా, బయటివైపు తేలిగ్గా కోయండి. కోసిన ముళ్లరొట్టను సందులున్న చోటే మొదట్లో దోపితే రెండు పనులవుతాయి.

కత్తిరిస్తుంటే లోపల పిట్టగూడు కనిపించింది. రెండు గుడ్లున్నాయి. పని ఆపాం. ఎన్నాళ్లు ఆగాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

ఆపి మంచిపని చేశారు. మీరు చెప్పిన నల్లతల, తోక కింద ఎరుపు చూస్తే అది పిగిలిపిట్ట. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎగిరేదాకా నెల లోపే. గూటికి అటూ ఇటూ రెండు మూడడుగులు వదిలి మిగతా వరస కోసుకోవచ్చు, కానీ గూటికి నీడనిచ్చే పై కొమ్మ తీయకండి. ఇకమీదట వానాకాలపు కోతకు ముందు కొమ్మలు విడదీసి లోపల ఒకసారి చూసుకోండి.

మా అపార్ట్‌మెంట్ల చుట్టూ బిల్డరు కోనోకార్పస్ వేశాడు. ఎంత కోసినా ఆగడం లేదు. ఎలా అదుపు చేయాలి?
– ఒక సంక్షేమ సంఘం సభ్యుడు, హైదరాబాద్

మా సలహా అదుపు చేయడం కాదు, విడతలుగా తీసేయడం. కోనోకార్పస్ కంచెగా అమ్ముడవుతున్న చెట్టు. దాని వేళ్లు నీటి గొట్టాలు, డ్రైనేజీ, కేబుళ్ల జోలికి పోతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడాన్ని నిషేధించింది, తెలంగాణలో హరితహారం మొక్కల్లోంచి కూడా దీన్ని పక్కనబెట్టారు. ఈ ఏడు ఒక పక్క తీసి నాగగోలుగో నందివర్ధనమో నాటండి, అది నిలదొక్కుకున్నాక రెండో పక్క. అందాకా ఉన్న వరసను ఆరడుగులు మించనివ్వకుండా, పూత రానివ్వకుండా కోస్తూ ఉండండి. మొదళ్లు పెకిలించకపోతే మళ్లీ చిగురిస్తుంది, అది మరచిపోవద్దు.

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాం. వెనక తోటలో పన్నెండడుగుల లేలండీ వరస ఉంది. ఇంట్లోకి ఎండ రావడం లేదని పక్కింటివాళ్లు అడుగుతున్నారు. మన ఊళ్లో డురాంటాను కోసినట్టు సగానికి కోసేయనా?
– ఒక పాఠకుడు, రెడింగ్

ఆగండి. పక్కలు అలా కోస్తే మళ్లీ పచ్చబడవు. లేలండీ, మన తూజా లాంటి పొలుసాకు చెట్లు ఆకులేని గోధుమరంగు కొమ్మ మీద చిగురించవు. పక్కలను ఎప్పుడూ పచ్చదనం ఉన్నంతవరకే కోయాలి. ఎత్తు తగ్గించడం వేరు: పైన మూడోవంతు వరకు తీయవచ్చు, కోసిన నెత్తి కొన్నాళ్లు గోధుమరంగులో ఉన్నా పక్కల పచ్చదనం దాన్ని క్రమంగా కప్పుతుంది. అంటే ఈసారి ఎనిమిదడుగులకు దించి, అది కుదురుకున్నాక ఇంకా తగ్గించవచ్చా అని చూడండి.

మీ దగ్గర కాలం విషయంలో రెండు సంగతులు. గూడు కట్టుకున్న పిట్టలను, వాడుకలో ఉన్న గూళ్లను తెలిసి తెలిసి పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం. మార్చి నుంచి ఆగస్టు దాకా కంచెలు కోయొద్దని అక్కడి పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ చెబుతుంది. అందుకే ఈ పెద్ద కోతను సెప్టెంబరు మొదట్లో, మంచు పడే రోజులకు చాలా ముందే ముగించండి. ఇక పక్కింటివాళ్ల సంగతి. రెండు మీటర్లు దాటిన సతతహరిత కంచె వెలుతురుకు అడ్డమైతే, మాట్లాడుకున్నా తెగనప్పుడు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే హక్కు 2003 చట్టం వాళ్లకిచ్చింది. అంతదాకా రానివ్వకుండా ఇప్పుడే వెళ్లి, ఫలానా నెలలో ఇంత తగ్గిస్తానని చెప్పండి. లేలండీ ఏడాదికి రెండున్నర అడుగులు పెరగగలదు. దించిన తర్వాత ఏటా కోయకపోతే అయిదేళ్లలో మళ్లీ ఇదే గొడవ వస్తుంది.

ఎర్రగన్నేరు కంచె కోసిన రొట్ట ట్రాక్టరు నిండా ఉంది. పాలేరు పశువులకు వేద్దామంటున్నాడు, లేకపోతే కాల్చేద్దామంటున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, నల్గొండ

రెండూ వద్దు. ఈ ఉత్తరం చూడగానే మీకు విడిగా కూడా రాశాం. గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు, పాలు అన్నీ గుండె మీద పనిచేసే విషం. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు పశువు ముట్టదు. వాడి ఎండాక ఆ చేదు అంతగా తెలియదు, విషం మాత్రం అలాగే ఉంటుంది. కోసిన రొట్ట మేత దగ్గర పడివుండటం నిలబడిన గన్నేరు కంటే ప్రమాదం. పొగ కూడా హాని చేస్తుంది, కాల్చకండి. పచ్చగన్నేరుకూ ఇదే వర్తిస్తుంది. డురాంటా ఆకు, పసుపు కాయలు కూడా పశువులకు, పిల్లలకు మంచివి కావు.

పశువులు, మేకలు రాని మూల చూసి మూడడుగుల గుంత తీసి పూడ్చండి. కోసినవాళ్లు చేతితొడుగులు వేసుకోవాలి, కంటికి చేయి తగలనివ్వకూడదు, పని కాగానే చేతులూ కత్తెరా సబ్బుతో కడగాలి. ఆ కొమ్మను పళ్లపుల్లకో, మొక్కజొన్న పొత్తు గుచ్చి కాల్చడానికో ఎవరూ వాడకుండా పాలేరుకు, పిల్లలకు చెప్పండి. ఏ పశువైనా ఇప్పటికే తిన్నట్టు అనుమానముంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుణ్ని పిలిపించండి.